ముద్దాయి మాట చివరిదాకా విన్నవాడు: రావిశాస్త్రి జీవితం, నవల, పక్షం

చోడవరం చుట్టుపక్కలది చెరకు పండే నేల. గోవాడ చక్కెర కర్మాగారం, ఊళ్లలో బెల్లం గానుగలు, అనకాపల్లి బెల్లం మార్కెట్టు. ఇక్కడి రైతు బతుకు ఈ మూడింటినీ నమ్ముకుని సాగుతూ వచ్చింది. పాకం కుదిరిన బెల్లం పండగ పిండివంటకు పోతుంది. రంగు చెడి నల్లబడిన బెల్లం చాలాసార్లు నాటుసారా ఊటకు పోతుంది. కాచినవాడు, మోసినవాడు, గ్లాసుల్లో పోసి అమ్మిన ఆడమనిషి పట్టుబడితే కోర్టు మెట్లెక్కుతారు. ఆ మెట్ల దగ్గర నల్లకోటుతో నిలబడి, అక్కడ విన్నదాన్ని తెలుగు సాహిత్యం చేసిన మనిషి రాచకొండ విశ్వనాథశాస్త్రి, పాఠకుల రావిశాస్త్రి.

ఆయన స్వస్థలం తుమ్మపాల. అనకాపల్లి నుంచి చోడవరం వచ్చే దారిలోనే ఉంది ఆ ఊరు. 2022 ఏప్రిల్‌లో విశాఖ జిల్లా నుంచి విడివడి అనకాపల్లి జిల్లా ఏర్పడినప్పుడు చోడవరం, తుమ్మపాల, గురజాడ అప్పారావు పుట్టిన ఎస్.రాయవరం మూడూ దాని కిందికే వచ్చాయి. అదే ఏడాది జూలై 30న రావిశాస్త్రికి నూరేళ్లు నిండాయి. కన్యాశుల్కం చివరి అంకాల్లో వకీళ్లను, దొంగ సాక్ష్యాలను, కోర్టు వ్యవహారాలను రంగం మీదికి తెచ్చినవాడు గురజాడ. ఆ వ్యవహారాల కింద నలిగే మనిషి నోరు విప్పేలా చేసినవాడు రావిశాస్త్రి. ఇద్దరి మూలాలూ ఒకే జిల్లాలో ఉండటం ఇక్కడి పాఠకులకు గర్వకారణం.

ఆయన గురించి అర్ధశతాబ్దంగా తెగని వాదం ఒకటుంది. రావిశాస్త్రి నవలాకారుడు, కథకుడు, నాటకకర్త. ఆయనే విప్లవ రచయితల సంఘం (విరసం) స్థాపకుల్లో ఒకరు, ఎమర్జెన్సీలో జైలుకు వెళ్లిన మనిషి. ఉద్యమం ఆయన కలానికి పదును పెట్టిందా, మొండి చేసిందా? తొలినాళ్ల రావిశాస్త్రి గొప్పవాడా, తర్వాతి రావిశాస్త్రి గొప్పవాడా? ఈ వాదంలో వినిపించిన వైఖరులను ఒకచోట పెట్టి, రచనలతో సరిచూసి, ఒక నిర్ణయానికి రావడం ఈ వ్యాసం పని. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇద్దరు రావిశాస్త్రులు లేరు. కోర్టు రాసుకోకుండా వదిలేసిన మాటను పూర్తిగా విని రాయడమే ఆయన జీవితమంతా చేసిన పని. ఉద్యమం ఆ పనిలోంచే వచ్చింది.

ప్లీడరు గుమ్మంలో పెరిగిన పిల్లవాడు

తండ్రి నారాయణమూర్తి న్యాయవాది. తల్లి సీతమ్మ సాహిత్యం తెలిసిన మనిషి, రచయిత్రి. ఒకరి వైపు నుంచి చట్టం, ఒకరి వైపు నుంచి అక్షరం వచ్చాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం ఆనర్సు చదివి, మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకుని, ఇంట్లో పెద్దవాళ్ల దగ్గరే వృత్తి మెళకువలు నేర్చుకున్నారు. 1950లో విశాఖపట్నంలో సొంతంగా ప్రాక్టీసు పెట్టారు. 1993 నవంబరు 10న మరణించేదాకా విశాఖే ఆయన ఊరు.

యవ్వనంలో ఆయన కాంగ్రెసు అభిమాని. ఆ తరంలో చాలామందిలాగే స్వాతంత్ర్యం వస్తే బీదవాడి కష్టం తీరుతుందని నమ్మారు. మార్క్సిజం వైపు మొగ్గింది ఆ తర్వాతే. ఆ మొగ్గుకు చదివిన పుస్తకాలు కొంత కారణం. ప్లీడరుగా రోజూ చూసిన దృశ్యం అంతకు పెద్ద కారణమని ఆయన కథలు చదివితే తెలుస్తుంది. కొత్త రాజ్యం వచ్చి ఏళ్లు గడుస్తున్నా కోర్టు బోనులో నిలబడే మనుషులు మారలేదు. అదే మాసిన పంచె, అదే చిరుగుల చీర, అవే పేర్లు. పైన జెండా మారినా కింద బోనెక్కేవాళ్లు మారలేదన్న ఎరుక ఆయన్ని నిలవనివ్వలేదు.

అల్పజీవి: భయానికి పెట్టిన లెక్క

1952 నాటి అల్పజీవి నవలతోనే ఆయన పేరు నిలబడింది. చైతన్య స్రవంతి పద్ధతిలో వచ్చిన తొలి తెలుగు నవలగా దీన్ని చాలామంది విమర్శకులు లెక్కిస్తారు. మనిషి బుర్రలో ఒకదాని వెనక ఒకటి తోసుకొచ్చే ఆలోచనలను, జ్ఞాపకాలను, పిరికి ఊహలను అదే వరసలో కాగితం మీద పెట్టే పద్ధతి అది. ఇంగ్లీషు నవలలో ఆ పద్ధతికి పేరుమోసినవాడు జేమ్స్ జాయిస్. తర్వాత 1969లో అంపశయ్యతో నవీన్ ఆ దారిలో మరింత దూరం నడిచారు.

కథ చిన్నది. సుబ్బయ్య ఒక ఆఫీసు గుమాస్తా. భార్య సావిత్రికి లోకువ, బావమరిది వెంకట్రావుకు లోకువ, ఆఫీసులో పైవాడికి లోకువ. కాంట్రాక్టరు గవరయ్య దగ్గర డబ్బు పుచ్చుకున్న దగ్గర్నుంచి అతని బతుకు భయంతో నిండిపోతుంది. గవరయ్య ఎదురైతే భయం, ఎదురు కాకపోతే ఎప్పుడు ఎదురవుతాడోనని భయం. నవలలో పెద్ద సంఘటనలు తక్కువ. ఉన్న కాసిని సంఘటనలూ సుబ్బయ్య తలలో పెరిగి పెద్దవై అతన్నే మింగబోతాయి.

ఈ నవలను రెండు రకాలుగా చదివారు. మనస్తత్వ నవలగా మెచ్చుకున్నవాళ్లు, రావిశాస్త్రి ఇక్కడే ఆగి ఉంటే గొప్ప కళాకారుడయ్యేవాడని అన్నారు. విప్లవ సాహిత్యాభిమానుల్లో కొందరు ఇది మధ్యతరగతి గుమాస్తా గొడవ అనీ, అసలు రావిశాస్త్రి తర్వాత మొదలయ్యాడనీ అన్నారు. ఇరువర్గాలూ గవరయ్యను పక్కన పెట్టి సుబ్బయ్య ఒక్కణ్ణే చూశాయి. సుబ్బయ్య భయం పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు, దానికి ధర ఉంది. ఆఫీసు పనుల మీద కాంట్రాక్టరు పట్టు, గుమాస్తా చేతిలో ఉన్న చిన్న అధికారం, అవసరానికి పుచ్చుకున్న అప్పు కలిసి ఆ భయాన్ని తయారుచేశాయి. మనిషి లోపలి వణుకుకు బయటి లావాదేవీ ఎక్కడుందో చూపించిన నవల ఇది. ఆ చూపే కొద్ది ఏళ్లలో కోర్టు వరండాలోకి నడిచింది.

సారా కథలు: కేసు కాగితానికి అవతల

రావిశాస్త్రిని అర్థం చేసుకోవడానికి ఒక్క పుస్తకమే చేతికివ్వాలంటే నేను ఆరు సారా కథలు ఇస్తాను. 1960 దశకం తొలినాళ్లలో వచ్చిన ఈ కథల వెనక ఒక చట్టం ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1937లో మద్యనిషేధ చట్టం చేసి, మొదట సేలం జిల్లాలో అమలుపెట్టి, 1948 నాటికి రాష్ట్రమంతటికీ విస్తరించారు. ఆంధ్ర ప్రాంతం విడిపోయాక కూడా ఇక్కడ ఆ నిషేధం కొనసాగి, 1960 దశకం చివర్లో సడలింది. సదుద్దేశంతో వచ్చిన చట్టమే. అయితే తాగేవాళ్లు తాగుతూనే ఉన్నారు, కాచేవాళ్లు కాస్తూనే ఉన్నారు. కొత్తగా వచ్చి చేరినవి మామూళ్లు, దాడులు, కేసులు, జరిమానాలు.

ఆ రోజుల్లో సారా కేసు నడిచే తీరు ఇది. పోలీసులు దాడి చేస్తారు. సీసానో కుండనో పట్టుకుంటారు. మధ్యవర్తులను పిలిచి పంచనామా రాస్తారు, ఆ మధ్యవర్తుల్లో పోలీసులకు అలవాటైన మొహాలు ఉండటం మామూలే. ముద్దాయిని మేజిస్ట్రేటు ముందు పెడతారు. నేరం ఒప్పుకుంటే జరిమానా, కట్టలేకపోతే జైలు. ఒప్పుకోకపోతే వాయిదాలు. వాయిదాకు వాయిదాకు మధ్య కూలి పోతుంది, బస్సు చార్జీ పోతుంది, ప్లీడరు ఫీజు పోతుంది. నిజంగా సారా అమ్మినవాళ్లూ, మామూలు ఇవ్వనందుకు ఇరుక్కున్నవాళ్లూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. కోర్టు కాగితాల్లో వీళ్లందరి కథా నాలుగు వాక్యాల్లో అయిపోతుంది. ఎక్కడ పట్టుకున్నారు, ఎంత పట్టుకున్నారు, ఎవరు చూశారు, ఎంత శిక్ష.

ఆ నాలుగు వాక్యాలకు అవతల ఉన్నదే రావిశాస్త్రి రాశారు. మాయ కథలో సారా కేసు ముద్దాయి ముత్యాలమ్మ ఉంది, కొత్తగా ప్రాక్టీసు పెట్టిన కుర్ర ప్లీడరు మూర్తి ఉన్నాడు. మూర్తికి చట్టం తెలుసు, వాదన తెలుసు, ఇంగ్లీషు తెలుసు. ముత్యాలమ్మకు తెలిసింది ఆ కోర్టులో ఏది ఎలా జరుగుతుందన్నది. ఆమె మాట్లాడటం మొదలుపెడితే మూర్తి చదువు ఒక్కో పొరా ఊడిపోతుంది. డబ్బు చేతులు మారే దారి, ఆ దారిలో మనిషి విలువ దిగజారే తీరు, ఎవరూ ఎవరినీ నమ్మలేని లోకం, అన్నీ ఆమె నోట వస్తాయి. మూర్తి ఆమె తరఫు వకీలు. కథలో మాత్రం ఆమే అతనికి పాఠం చెబుతుంది.

ఇక్కడ ఆయన చేసిన పని కొంచెం నిలబడి చూడాలి. కోర్టులో సాక్షి గానీ ముద్దాయి గానీ నోరు విప్పితే అడ్డుకునేవాళ్లు ఎక్కువ. అడిగిందానికే చెప్పు అంటారు, అవునో కాదో చెప్పు అంటారు. చెప్పింది కూడా కాగితం మీదికి వచ్చేసరికి గుమాస్తా భాషలోకి మారిపోతుంది. రావిశాస్త్రి కథలో ఆ అడ్డు లేదు. ముత్యాలమ్మ అడిగిన దానికీ అడగని దానికీ చెబుతుంది. పక్కదారి పట్టి మళ్లీ వస్తుంది. ఒక మాట రెండుసార్లు అంటుంది, కోపం వచ్చి తిడుతుంది, తిట్టి వగరుస్తుంది. పుణ్యం, న్యాయం, మోక్షం, అధికారి వంటి కథల పేర్లన్నీ పెద్ద పెద్ద విలువల పేర్లు. ఆ విలువల కింద బతికేవాళ్లు వాటి గురించి ఏమనుకుంటున్నారో వినడమే ఆ కథల నిర్మాణం. తర్వాత ఆరు సారో కథలు కూడా ఈ దారిలోనే వచ్చాయి.

ఆయన కథల్లో పోలీసు, ప్లీడరు, మేజిస్ట్రేటు ఎవరూ రాక్షసులుగా కనిపించరు. హెడ్డు కానిస్టేబులుకూ ఇల్లుంది, పిల్లలున్నారు, పైవాడి ఒత్తిడి ఉంది. ప్రతివాడూ తన వాటా తను పుచ్చుకుంటాడు, అందరి వాటాలూ కలిసి ఒక ఆడమనిషి నెత్తిన పడతాయి. వ్యక్తుల మీద కోపం తెప్పించడం తేలిక. ఏర్పాటు మీద కోపం తెప్పించడం కష్టం. ఆ కష్టమైన పనిని ఆయన సంఘం సభ్యుడు కాకముందే, ఏ ప్రణాళికా లేకుండానే చేశారు. ఉద్యమం ఆయన్ని మార్చిందనేవాళ్లు ఈ కాలక్రమాన్ని గుర్తుంచుకోవాలి. సారా కథలు వచ్చిన చాలా ఏళ్లకు గానీ విరసం పుట్టలేదు.

ఉత్తరాంధ్ర నోరు

వాడుక భాషలో రాయడం రావిశాస్త్రి నాటికి కొత్త కాదు. గిడుగు, గురజాడ ఆ యుద్ధం గెలిచి చాలా కాలమైంది. అయితే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల కూలీలు, జాలరులు, రిక్షావాళ్లు, సారా అమ్మే ఆడవాళ్లు మాట్లాడే తీరు అంతకు ముందు ఎక్కువగా నవ్వించడానికే రచనల్లోకి వచ్చేది. ఆ నోటిని తర్కానికి, తీర్పుకు, దుఃఖానికి వాడిన పెద్ద రచయిత ఈయన. ఆయన పాత్రలు యాస మాట్లాడుతూనే రాజ్యం గురించి, ధర్మం గురించి, డబ్బు గురించి ఎంత లోతుగా ఆలోచించాలో అంత లోతుగా ఆలోచిస్తాయి. సొమ్ములు పోనాయండి వంటి పేరును నవల అట్ట మీద పెట్టగలిగిన ధైర్యం అక్కడిది.

కథకుడిగా ఆయన సొంత వాక్యం వేరు. పోలికలు ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. ఒక మనిషి మొహాన్ని చెప్పడానికి వరసగా నాలుగైదు ఉపమానాలు తెస్తారు. ఇది ఎక్కువైందనే విమర్శ మొదట్నుంచీ ఉంది. కొన్ని చోట్ల అది నిజమే. పోలిక దృశ్యాన్ని మింగేసి పాఠకుణ్ని రచయిత చమత్కారం దగ్గర ఆపేసే పుటలున్నాయి. పాత్రలు మాట్లాడే చోట్ల మాత్రం ఈ బెడద కనపడదు. ఆయన రచనలో నిలిచిపోయే భాగాలు చాలావరకు పాత్రల మాటలే కావడానికి ఇదొక కారణం.

మధ్యతరగతి కథల్లోనూ ఈ చెవి పనిచేసింది. జరీ అంచు తెల్లచీర కథలో విశాలాక్షి అనే ఆడపిల్ల కోరుకున్నది ఒక్క చీర. తండ్రి ఆ కోరిక తీర్చలేడు. అంతే కథ. బీదతనం గురించి ఒక్క ఉపన్యాసం లేకుండా, ఒక చీర చుట్టూ తిరిగే ఆశను పట్టుకుని, ఇంటిల్లిపాది బతుకును చూపించారు. ఎందరో పాఠకులు కంటతడి పెట్టిన కథ అది.

1970: ఎటువైపు అన్న ప్రశ్న

1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర భూస్వాముల కాల్పుల్లో కోరన్న, మంగన్న చనిపోయారు. శ్రీకాకుళ గిరిజన పోరాటం అక్కడి నుంచి మలుపు తిరిగింది. 1969 డిసెంబరులో ప్రజాకవి సుబ్బారావు పాణిగ్రాహిని, 1970 జూలైలో ఆ పోరాట నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసంలను పోలీసులు చంపారు. ఉత్తరాంధ్రలో రాసే ప్రతి మనిషి గుమ్మం ముందుకూ ఆ నెత్తురు వచ్చింది. 1970 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభలు జరిగినప్పుడు విశాఖ విద్యార్థులు ఒక కరపత్రం పంచి, రచయితలు ఎటువైపో తేల్చుకోమని నిలదీశారు. అదే ఏడాది జూలై 4న హైదరాబాదులో విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. శ్రీశ్రీ, కొడవటిగంటి కుటుంబరావు, కె.వి.రమణారెడ్డిలతో పాటు రావిశాస్త్రి కూడా అందులో ఉన్నారు.

ఊళ్లో పేరున్న ప్లీడరు, పాఠకులు పండగలా ఎదురుచూసే రచయిత. ఆ వయసులో ఆయన అటు వెళ్లవలసిన అగత్యం లేదు. కీర్తి అప్పటికే ఉంది, పోగొట్టుకునేవి చాలా ఉన్నాయి. తను రాసేది ఏ మంచికి హాని చేస్తుంది, ఏ చెడ్డకు మేలు చేస్తుంది అని రచయిత ముందు తనను తాను ప్రశ్నించుకోవాలని ఆయన నమ్మారు. ఆ నమ్మకానికి మూల్యం 1975లో ఎమర్జెన్సీ వచ్చినప్పుడు చెల్లించారు. ఎందరినో జైలు నుంచి విడిపించడానికి వాదించిన వకీలు తనే జైల్లో కూర్చున్నారు. ఆయన కథల్లో అప్పటిదాకా బోను అవతల ఉన్నవాళ్ల గదిలోకి రచయిత వెళ్లారు.

పూర్తికాని నవలలు

రాజు–మహిషి, రత్తాలు–రాంబాబు, గోవులొస్తున్నాయి జాగ్రత్త, సొమ్ములు పోనాయండి, మూడు కథల బంగారం, చివరి రోజుల్లో ఇల్లు. అల్పజీవి తర్వాత నవలల వరస ఇది. నిజం, తిరస్కృతి, విషాదం ఆయన నాటకాలు. రాజు–మహిషి, రత్తాలు–రాంబాబు రెండూ పూర్తికాలేదు.

ఆ అసంపూర్తిని లోపంగా చూసినవాళ్లున్నారు. నవలకు కట్టుదిట్టమైన కథానిర్మాణం కావాలనుకుంటే అది లోపమే. పాత్ర మాట్లాడటం మొదలుపెడితే ఆయన ఆపరు. ఒక దొంగ చెప్పే కథలో ఇంకో దొంగ కథ, అందులో ఒక పోలీసు కథ, అందులో ఒక వర్తకుడి కథ. ఊరి చరిత్రంతా రాజు–మహిషిలో ఇలా ఊరుతూ పోతుంది. కథను ఒక కొలిక్కి తేవాలంటే కొందరి మాట మధ్యలో తుంచాలి. ఆ తుంచే పని ఆయనకు చేతకాలేదు. అదే కథల్లో ఆయనకు బలమైంది, ఎందుకంటే కథకు ఒక్క మనిషి వాంగ్మూలం చాలు. నవల అనేకమంది వాంగ్మూలాలను తీర్పులాంటి ముగింపు దగ్గరికి చేర్చమంటుంది. ఆయన కథలు నవలలకంటే గట్టిగా నిలబడటం వెనక రహస్యం ఇదేనని నేను అనుకుంటాను. ఉద్యమం వల్ల నవల చెడిందనడానికి మాత్రం ఇందులో ఆధారం లేదు. రాజు–మహిషి ఉద్యమానికి ముందే మొదలైంది, అదీ పూర్తికాలేదు.

నిలబడే అభ్యంతరాలు

రావిశాస్త్రిని ప్రేమించేవాళ్లు కూడా ఒప్పుకోవలసిన అభ్యంతరాలు మూడున్నాయి.

మొదటిది స్త్రీల వైపు నుంచి వచ్చింది. సారా కథల్లో అమ్మే ఆడమనిషి గొంతు పూర్తిగా వినిపిస్తుంది. తాగొచ్చిన మొగుడి చేత దెబ్బలు తిన్న ఆడమనిషి గొంతు అంతగా వినిపించదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం ఆ రెండో గొంతుదే. వర్ధినేని రోశమ్మ వంటి పల్లె ఆడవాళ్లు సారా దుకాణాలు మూయించి, వేలంపాటలు ఆపించి, ప్రభుత్వం మెడలు వంచారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. నెల దాటాక రావిశాస్త్రి కన్నుమూశారు. ఆయన ముప్పై ఏళ్ల కిందట రాసిన సమస్యకు ఆడవాళ్లే ఇంకో కొస నుంచి జవాబు చెప్పడం ఆయన బతికుండగానే జరిగింది.

రెండోది కులం. డబ్బు, వర్గం, అధికారం నడిచే దారులను అంత నిశితంగా చూసిన ఆయన రచనలో కులం తనకు తానుగా ఒక ప్రశ్నగా అంత స్పష్టంగా ముందుకు రాదు. కారంచేడులో దళితుల మీద మారణకాండ 1985లో జరిగింది. ఆ తర్వాత తెలుగు సాహిత్యం అడిగిన ప్రశ్నలు వేరు. విరసం బాటలోనే నడిచిన జి.కళ్యాణరావు 2000లో అంటరాని వసంతం రాసి, ఆ ఖాళీని తరతరాల దళిత కుటుంబ చరిత్రతో నింపారు. బోను ఎక్కినవాళ్ల మాట రావిశాస్త్రి విన్నారు. ఊరి బయట పుట్టినందుకే జీవితాంతం బోనులో ఉన్నవాళ్ల మాట అక్కడి నుంచే వచ్చినవాళ్లు చెప్పాల్సివచ్చింది.

మూడోది కొండ. ఆయన లోకం పట్నం, పట్నాన్ని ఆనుకున్న పల్లె. పోరాటం జరిగింది కొండల్లో. ఆ కొండగాలిని రచయిత భూషణం తన పుస్తకానికి పేరుగా పెట్టి రాశారు. పల్లెలో భూమి, అప్పు, కూలి ఎలా ముడిపడతాయో కాళీపట్నం రామారావు 1964 నాటి యజ్ఞం కథలో చూపించారు. ముగ్గురినీ కలిపి చదివితేనే ఉత్తరాంధ్ర పూర్తిగా కనిపిస్తుంది. రావిశాస్త్రి ఒక్కరినే చదివి ఇదే ఉత్తరాంధ్ర అనుకోవడం ఆయనకూ న్యాయం కాదు.

ఈ మూడు అభ్యంతరాలూ ఆయన వినని గొంతుల గురించి. విన్న గొంతులను తప్పుగా రాశాడని ఎవరూ గట్టిగా అనలేకపోయారు. ఒక రచయితకు ఇది చిన్న మాట కాదు.

బయటి లోకంలో ఈ దారి

కోర్టు దగ్గర చెవి పెంచుకున్న నవలాకారులు ఇంకోచోటా ఉన్నారు. చార్లెస్ డికెన్స్ కుర్రతనంలో లాయరు ఆఫీసు గుమాస్తాగా, కోర్టు విలేకరిగా పనిచేసి, ఆ అనుభవంతోనే తెమలని దావా ఒకటి మనుషుల్ని తినేసే తీరును బ్లీక్ హౌస్‌లో రాశాడు. మన కాలానికి దగ్గరగా బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి ఉన్నారు. బ్రిటిషువాళ్లు నేరస్థ తెగగా ముద్ర వేసిన ఖేరియా శబరుల మధ్య ఆమె ఏళ్ల తరబడి పనిచేశారు. 1998లో బుధన్ శబర్ పోలీసు కస్టడీలో చనిపోతే కలకత్తా హైకోర్టుకు వెళ్లిన పోరాటంలో ముందు నిలిచారు. ఆమె నవలలకూ ఆ పిటిషనుకూ మధ్య గీత గీయడం ఎవరి తరమూ కాదు. రావిశాస్త్రి విషయంలోనూ అంతే. వృత్తి, రచన, సంఘం మూడూ ఒక్క దిక్కుకే నడిచాయి.

ఈ పోలికలో ఒక తేడా కూడా ఉంది. మహాశ్వేత బయటి నుంచి ఆదివాసుల దగ్గరికి వెళ్లారు. రావిశాస్త్రి దగ్గరికి జనమే వచ్చారు, వకాల్తా మీద వేలిముద్ర వేయడానికి. వచ్చినవాళ్లను క్లయింట్లుగా చూసి పంపేయకుండా, వాళ్ల మాట ఇంటికి మోసుకెళ్లి రాత్రి రాసుకున్న వకీళ్లు అరుదు.

ఇప్పుడు ఏం చేయాలి

చోడవరం మీదుగా పాడేరు ఘాట్ రోడ్డుకు వెళ్లే దారి ఇప్పుడు ఇంకో సరుకు వల్ల వార్తల్లోకెక్కుతోంది. సారా స్థానంలోకి గంజాయి వచ్చింది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం సారా చట్టం కంటే ఎంతో కఠినం. బెయిలు దొరకడం కష్టం, శిక్షలు ఏళ్లకేళ్లు. పట్టుబడేవాళ్లలో మూట మోసిన గిరిజన కుర్రాళ్లు, కూలికి ఒప్పుకున్నవాళ్లు తరచుగా కనిపిస్తారు. పెట్టుబడి పెట్టినవాడు, సరుకు అందుకున్నవాడు అంత తరచుగా కనిపించరు. రావిశాస్త్రి సారా కథల్లో చూపించిన మెట్ల వరస ఇదే. సరుకు మారింది, చట్టం పేరు మారింది. కింది మెట్టు మీద ఉన్నవాడి మాటను నాలుగు వాక్యాల్లో రాసుకుని ముగించే పద్ధతి మారలేదు.

అందుకే ఆయన్ని గౌరవించే పద్ధతి విగ్రహాలు, జయంతి సభలతో ఆగకూడదు. న్యాయశాస్త్రం చదివే పిల్లలకు ఆరు సారా కథలు పాఠ్యాంశం కావాలి. చట్టం కాగితం మీద ఎలా ఉంటుందో వాళ్లు ఎలాగూ చదువుతారు. మనిషి మీద పడినప్పుడు ఎలా ఉంటుందో ముత్యాలమ్మ దగ్గర నేర్చుకోవాలి. కొత్త పాఠకుడు మొదట మాయ, జరీ అంచు తెల్లచీర చదవాలి. తర్వాత అల్పజీవి, ఆపైన తీరిక చేసుకుని రాజు–మహిషి. ఈ వరసలో చదివితే తొలి రావిశాస్త్రి, మలి రావిశాస్త్రి అన్న విభజన తనంతట తనే కరిగిపోతుంది.

ఇక ఈ ప్రాంతం నుంచి రాయబోయేవాళ్లకు ఆయన వదిలిన బాధ్యత ఒకటుంది. గంజాయి మూట మోసిన కుర్రాడి కథ కేసు ఫైలులో ఉంటుంది, దినపత్రికలో ఫొటోతో ఉంటుంది. ఆ మూట భుజానికెత్తుకోవడానికి ముందు అతని ఇంట్లో ఏం జరిగింది, ఎవరు ఎంత ఇస్తామన్నారు, పట్టుబడ్డాక ఎవరు మొహం చాటేశారు అన్నది అతని నోటితోనే, అతని భాషలోనే, చివరిదాకా విని రాసిన తెలుగు నవల రావాలి. రావిశాస్త్రి ఏ పక్షమని ఇంకా వాదించుకునేవాళ్లకు ఆయన పుస్తకాలే జవాబు. ఆయన పక్షాన మనం ఉన్నామా అన్నదానికి జవాబు మనం రాయవలసిన ఆ పుస్తకం.